పైడితల్లి చేవ్రాలు

వైశాఖమాసమున మధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణములచే కరగించిన వెండివలె కన్నులు మిరుమిట్లుగొలుపు సముద్రమునకు అభిముఖముగా విశాఖపట్టణమందలి యొక పురాతన గ్రంథాలయభవనము నిలిచియుండెను. దాని మేడమీది యిరుకుగదిలో ఆ దినమున బొమ్మలకథల రచయితలును చిత్రకారులును వారి పాఠకులును నలువదిమందికి మించని చిన్న సమావేశముగా కూడిరి. గోడల పొడుగున బల్లలపై పరచిన పుస్తకములలో రాక్షసులును రెక్కలగుర్రములును రోదసీనౌకలును రంగురంగుల తళుకొత్తుచుండ ప్రతి బల్లవెనుకను ఒక కామిక్ కళాకారుడు కూర్చుండి చేరవచ్చినవారి ప్రతులపై చేవ్రాలు చేయుచుండెను.

ఆ యుత్సాహకోలాహలమధ్యమున నొక మూల ప్రాతఃకాలము మొదలు మంచినీరైనను ముట్టక కూర్చున్న స్త్రీ యొకతె మాత్రము ఏ బల్లకడకును పోలేదు. ఆమె పేరు పైడితల్లి. విజయనగరప్రాంతమందలి యొక పల్లెలో అంగన్‌వాడీ పసివాండ్రకు అక్షరములు దిద్దించు నలువదియారేండ్ల అవివాహిత. ఆమె యొడిలో నలిగిన బొమ్మలపుస్తకమొకటి యుండెను. పదిదినముల క్రిందట ఒక బిడ్డతల్లి మరచిపోయిన యా పుస్తకమును ఊరక త్రిప్పుచు ఆమె యొక పుటకడ నిశ్చేష్టురాలయ్యెను. అందు ఒక యక్క పరీక్ష తప్పిన తమ్ముని బొమ్మలనోటుపుస్తకములను పొయ్యిలో పడవేయుచున్నది. తరువాతి బొమ్మలో తమ్ముడు వెడలిపోగా నదే యక్క వట్టిచేతిని మంటలోనికి చాచి సగము కాలిన కాగితములను లాగుకొనుచున్నది.

అది పైడితల్లి చేసిన పని. తల్లిలేని తమ్ముడు త్రినాథుని బిడ్డవలె పెంచి వాని పదునేడవయేట అట్లు శిక్షించినది ఆమెయే. ఆనాడు గడపదాటిన త్రినాథుడు ఇరువదినాలుగేండ్లైనను తిరిగిరాలేదు. ఆమె చేయి కాల్చుకొన్నప్పుడు వంటయింట మరియెవరును లేరు. ఎక్కడనో చాటునుండి చూచిన తమ్ముడు గాక వేరొకడు ఆ బొమ్మ నెట్లు గీయగలడు? అట్టపై నున్న రేఖాచారి యను మారుపేరు వానిదే కావలెనని నిశ్చయించి ఆ రేఖాచారి యీ సమావేశమునకు వచ్చునని విని ఆమె పరుగుపరుగున వచ్చెను. నడివయసు పురుషుడెవడు మెట్లెక్కినను దిగ్గున లేచి వాని ముఖమును వెదకి మరల గోడకు చేరబడుచుండెను.

మూడుగంటలకు రేఖాచారి పేరు పిలువబడెను. ఖాళీకుర్చీలో సిరామరకల వ్రేళ్ళతో నొక యువతి వచ్చి కూర్చుండెను. పైడితల్లి చేవ్రాలునకై బారుతీరినవారిని త్రోసికొని బల్లకడకు పోయెను.

"రేఖాచారి ఎక్కడమ్మా?"

"నేనేనండి. నా పేరు గౌతమి. రేఖాచారి అని బొమ్మల కోసం పెట్టుకున్నాను."

"కాదు. ఈ కథ నీది కాదు, నా తమ్ముడిది. ఆడెక్కడున్నాడో చెప్పమ్మా. నీ కాళ్ళట్టుకుంటాను" అనుచు పైడితల్లి నిజముగనే వంగెను.

గౌతమి తటాలున లేచి ఆమె చేతులు పట్టుకొనెను. కుడియరచేత ముడుతలుపడిన కాలినమచ్చ ఆమెకు కనబడెను.

"మీరు పైడక్కా?" అని అడిగెను.

పిమ్మట గౌతమి ఆమెను తన కుర్చీలో కూర్చుండబెట్టి జరిగినదెల్ల చెప్పెను. అనకాపల్లిలో గౌతమి తండ్రికి లారీలకు రంగులువేయు షెడ్డు కలదు. అందు లారీలపై హంసలను తామరలను గీయుచుండిన త్రినాథుడే ఆమెకు కుంచెపట్ట నేర్పెను. ఈ కథ చెప్పినవాడును అతడే.

"మరి ఆడేడీ?"

"పోయిన కార్తీకంలో చనిపోయాడమ్మా. ఊపిరితిత్తులు పాడైపోయాయి. మీ ఊరి పేరు ఎంతడిగినా చెప్పలేదు. మీకు కబురంపడానికి మాకు దారి లేకపోయింది."

పైడితల్లి ఏడువలేదు. అనకాపల్లి! తన పల్లెనుండి మూడుగంటల బస్సుప్రయాణము. ఆ త్రోవనే ఆమె పలుమార్లు పోయెను. తమ్ముడు రంగువేసిన లారీ యేదియో ఆమెకు దుమ్ము చల్లుచు దాటిపోయియు నుండవచ్చును.

"ఆఖరిదాకా నామీద కోపం పోలేదేటి ఆడికి?"

"కోపం కాదమ్మా, సిగ్గు. 'నేను కిటికీ అవతలే ఉన్నాను, అక్క చెయ్యి కాలతంటే చూసి కూడా పారిపోయాను, ఇంక ఏ మొగం పెట్టుకుని ఎల్తాను' అనీవాడు. రెండుసార్లు మీ ఊరి బస్సెక్కి సగం దారిలో దిగిపోయి వచ్చీసాడు."

అంతవరకు శిలవలె నున్న పైడితల్లి ఆ సగముదారి మాట విని బల్లపై తలవాల్చి యెలుగెత్తి యేడ్చెను. ఆ దారిలో ఏ మలుపుకడనో దిగి ఎండలో నొంటరిగా వెనుదిరిగిన తమ్ముడు ఆమె కన్నులయెదుట నిలిచెను. క్షమ యెన్నియేండ్లైనను వేచియుండును గాని ఆయువు వేచియుండదు.

ఆమె యేడ్పు తగ్గగా గౌతమి తన కలమును ఆమె ముందుంచెను.

"బతికుండగా తన పేరు వెయ్యొద్దన్నాడు. మీరు రాస్తే కాదనడు కదా?"

పైడితల్లి కన్నులు తుడుచుకొని పసివాండ్రకు పలకపై వ్రాసియిచ్చునట్టి గుండ్రని పెద్దయక్షరములతో మొదటి పుటపై త్రినాథరావు అని వ్రాసెను. ఆ వెనుక బారులోని ప్రతివాని పుస్తకముపైనను వ్రాసెను. చివరగా వచ్చిన కళాశాల విద్యార్థిని యొకతె ఆ పేరు చదివి "ఈయన ఎవరండీ?" అని మెల్లగా అడిగెను.

"మా తమ్ముడు" అని పైడితల్లి సిరా యారువరకు పుస్తకమును మూయనీయక తెరచిన పుటను రెండుచేతుల పట్టుకొని కూర్చుండెను.