ఉప్పు తడి

డాక్టర్ బాలసరస్వతి సీసాను గట్టిగా కుదిపి బల్ల మీద నిలబెట్టింది. తెల్లటి మందులోంచి సన్నని రేకులు అడుగుకు దిగసాగాయి. రెండో సీసా కూడా అంతే. మూడోదీ అంతే.

"గడ్డకట్టి కరిగాయి. ఇక పనికిరావు," అంది.

వరండాలో తల్లులు పసిపిల్లలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నెలన్నరగా టీకా దొరక్క వచ్చి వెళ్తున్నవాళ్లే. మొన్న శ్రీకాకుళం నుంచి వచ్చిన ఈ కాసిని సీసాలే దిక్కు. మళ్లీ ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ఆయా లక్ష్మణమ్మ ఫ్రిజ్ ముందు నేల తుడుస్తోంది. గాలివాన తర్వాత రాత్రిళ్లు కరెంటు నిలవడం లేదు. ఫ్రిజ్‌కు వేసిన తాళం వేసినట్టే ఉంది, కిటికీలు మూసే ఉన్నాయి. అయినా తెల్లారేసరికి ఇక్కడ నీళ్లు. నిన్నా ఉన్నాయి. వేలు తడిపి నాలుకకు ఆనించుకుంది. ఉప్పు.

ఆ తల్లుల్లో ఒకతె శ్రావణి, గుమ్మంలో నిలబడి బిడ్డను గుండెకు అదుముకుంది. "రేతిరి సముద్రం లోపలికొచ్చి ఎల్లినట్టున్నాది," అంది.

ఎవరూ నవ్వలేదు. అంతమంది పిల్లలున్నా వరండాలో ఒక్క ఏడుపూ లేదు.

"మూత తియ్యకపోతే కరెంటు లేకపోయినా ఈ ఫ్రిజ్ రాత్రంతా చల్లగానే ఉంటుంది. గడ్డ మాత్రం కట్టించదు," అంది డాక్టర్. "ఎవరో బయటికి తీశారు. తాళంచెవి ఎక్కడ పెడుతున్నావు హేమా?"

నర్సు హేమ గోడకున్న మేకు వైపు చూసింది. "అక్కడే మేడమ్."

"నీ దగ్గరుండాలి కదా. రిపోర్టులో నీ పేరే రాయాలి."

హేమది కాంట్రాక్టు ఉద్యోగం. పేరు పైకి వెళితే రేపటి నుంచి రానక్కర్లేదు.

లక్ష్మణమ్మ తడిగుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఐసు, ఉప్పు, ఊకపొట్టు. ఇన్నేళ్లూ ఆమె పక్కలో పడుకున్న వాసన అది.

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఆమె పెనిమిటి గోడకు జారగిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఇక్కడ రాత్రి కాపలా గాని, మోకాళ్లు పట్టేసేదాకా పడవల అడుగున ఐసు కొట్టిన మనిషి. వేళ్ల కొసలు చచ్చుబడ్డాయి, నిప్పు తగిలినా తెలియదు. గోళ్లు నీలిరంగు తిరిగిపోయాయి. ఈవేళ పెదవులు కూడా అదే రంగులో ఉన్నాయి.

"మావా, మందు సీసాలు నువ్వే తీసినావేటి?"

"తియ్యక? కరెంటు పోతే ఆ పెట్టె సల్లగుంటాదేటే? మందు పాడైపోతే ఆ సంటి గుంటలేటవ్వాలి?" రొప్పుతూ నవ్వాడు. "రేవులో ఐసు తెచ్చి రాళ్లుప్పేసి పాతీసినాను. తెల్లారకముందే మల్లీ ఆ పెట్టెలోనే ఎట్టీసినాను. నా సేతిలో రొయ్యే కుళ్లనేదు, మందు కుళ్లుద్దా?"

"నాకొక ముక్క సెప్పలేవా?"

"నీకు సెప్తే ఊరికి సెప్పినట్టే కదేటే."

చెవి ఆసుపత్రి వైపు వంచాడు. కాసేపు విన్నాడు. అటు నుంచి ఏ చప్పుడూ లేదు.

"ఏడుస్తన్నారు," అన్నాడు సంతోషంగా. "సూది పొడిసేసినారా?"

లక్ష్మణమ్మ అతని పక్కన కూలబడింది. "ఆఁ, పొడిసేసినారు."

"అయితే నేను తొంగుంటాను."

ఆమె అతని చేతిని తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. రోజూ రుద్దితే ఎంతోకొంత వెచ్చబడేది. ఈవేళ చలి ఆమె చేతుల్లోకే ఎక్కింది. పిలిచింది. భుజం పట్టి కుదిపింది. తల పక్కకు వాలిపోయింది.

ఇక అతన్ని అడిగేవాళ్లు లేరు. తను నోరు మూసుకుంటే ఊళ్లో మంచివాడిగానే మిగిలిపోతాడు.

లోపల డాక్టర్ రాస్తోంది. హేమ గోడకానుకుని ఏడుస్తోంది.

"ఆ పిల్ల పేరు రాయకండమ్మా," అంది లక్ష్మణమ్మ. "మావోడు ఐసులో ఎట్టినాడు. పాడవకుండా ఉంటాదనుకున్నాడు."

"మీ ఆయనా? పిలువు."

"రాడమ్మా. ఎల్లిపోనాడు."

డాక్టర్ షెడ్డులోకి పరుగెత్తింది. చాలాసేపటికి తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. కాగితం వైపు చూసి మెల్లగా అడిగింది.

"పేరు?"

పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు లక్ష్మణమ్మ నోట రాలేదు. రేషను షాపులో కూడా పక్కవాళ్లే చెప్పేవారు. ఇప్పుడూ హేమ చెప్పబోయింది. లక్ష్మణమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ధనరాజు," అంది, వరండా దాకా వినబడేటట్టు.

షెడ్డు గూట్లో అతను ఆర్పడం మరిచిన టార్చి వెలుగుతూనే ఉంది, పగటి వెలుతురులో ఎవరికీ కనిపించనంత సన్నగా.