బొడ్డు కొయ్యం

గోధుమచేలో కలుపుగా మొలిచే బతువా ఆకుకూర ఎవరిది? కోసుకున్నవాళ్ళది, కోయకపోతే చేనుకే చేటు. అయినా ఆ ఫాల్గుణపు ఉదయం ఠాకూర్ ఉదయభాన్ సింగ్ మనుషులు సుర్సతీని గట్టు మీద కూలేసి, కొడవలి పట్టిన కుడిచేతిని రాయి మీద ఆనించి లాఠీతో కొట్టారు. వేళ్ళు విరిగిన చప్పుడు పక్క చేలో గడ్డి కోస్తున్న ఆమె అత్త జిరియాకు వినపడింది. పరుగెత్తుకొచ్చేసరికి బుట్టలోని ఆకు మట్టిపాలై ఉంది.

ఉదయభాన్ సింగ్ పాన్ నములుతూ గట్టు మీదే ఉన్నాడు.

"నా నేల మీద ఏది మొలిచినా నాదే. మీ టోలాలో చెప్పు," అన్నాడు.

జిరియా కోడల్ని లేవదీసింది. ఈ మనిషి పుట్టిననాడు కాళ్ళు పట్టుకొని తలకిందులుగా ఎత్తి, వీపు చరిచి, తొలి ఊపిరి అందించింది ఆమే.

బిర్హౌలీ కలాన్ పెద్ద ఊరు. కులానికో వాడ: ఠాకూర్లకో టోలా, పండితులకో టోలా, అహీర్లకో టోలా. ఊరికి దక్షిణాన, అక్కడి గాలి మిగతావాళ్ళ మీదికి మళ్ళని చోట, చచ్చిన పశువుల్ని ఈడ్చేవాళ్ళ టోలా. ఏటా దసరాకు భాట్ వచ్చి ఊరి చరిత్ర పాడతాడు: ఠాకూర్ల మూలపురుషుడు కత్తి దూసి, అడవి కొట్టి, ఊరు నిలిపాడని. గొడ్డలి పట్టినవాళ్ళ ఊసు ఆ పాటలో లేదు. కానీ ఊళ్ళో ఎవరింట బిడ్డ పుట్టినా బొడ్డు కోసి, మాయను ఇంటి నేలలో పాతేది దక్షిణ టోలా ఆడవాళ్ళే. అది మైల పని. కన్నతల్లి కూడా ఆ పనికి చేయి పెట్టదు.

ఆ మధ్యాహ్నం సంత్ రవిదాస్ గుడి అరుగు ముందు టోలా అంతా కూడింది.

"ఇక గొడ్డును ఈడ్చం, బొడ్డు కొయ్యం," అన్నాడు రామ్‌దరశ్. కాన్పూరు మిల్లులో సమ్మె చేసి, పని పోగొట్టుకొని తిరిగొచ్చినవాడు. "మన చేతులు విరగ్గొట్టినవాళ్ళకి మన చేతుల పని అందకూడదు."

ముసలి ఝింగురీ బీడీ ఆర్పాడు. "చేలు మూసేస్తార్రా. గడ్డి ఎక్కణ్ణుంచి తెస్తాం? చెంబు పట్టుకొని మన ఆడవాళ్ళు ఎక్కడికి పోతారు? మీ మిల్లు దాకా పోతారా?"

"ఇప్పుడేమన్నా మహారాణుల్లా పోతున్నామా మామా?" అని వెనకనుంచి ఒకామె అనేసరికి ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు.

జిరియా నవ్వలేదు. "గొడ్డు మాట సరే. నొప్పులు పడేదాన్ని చూస్తూ కూర్చోమంటే మాత్రం నా వల్ల కాదు."

"నీ కోడలి వేళ్ళు చూశావా పిన్నీ?"

"కట్టు కట్టింది నేనేరా. నువ్వు నాకు చూపించక్కర్లేదు."

కేకలు రేగాయి. పిరికిదన్నారు, ఠాకూర్ ఇంటి పాత చీరలకు ఆశపడుతోందన్నారు. అప్పుడు సుర్సతీ గోడకు ఆనుకొని లేచింది.

"అత్తా, బిడ్డను పట్టడం మనిషి చేసే పని. అది చెయ్యి. బొడ్డు కోస్తే మైలని చెప్పింది వాళ్ళు. ఆ మైలేదో ఈసారి వాళ్ళనే పంచుకోమను."

కేకలు అణగాయి. మాట ఖాయమైంది.

తెల్లారేసరికి చేల గట్ల మీద లాఠీలు నిలిచాయి. దక్షిణ టోలా ఆడది గట్టు మీద కాలు పెడితే కాలు విరుగుతుందని దండోరా వేయించారు. ఆడవాళ్ళు గుంపు కట్టి, కర్రలు పట్టుకొని, దూరాన కాలువ గట్టుకు పోయి వచ్చారు. మేకలు ఆకలితో అరిచాయి. ఈలోగా ఉదయభాన్ సింగ్ కొట్టంలో గేదె చచ్చింది. ఈడ్చేవాడు లేడు. కుర్ర ఠాకూర్లు ముక్కులకు గుడ్డలు కట్టుకొని వీధి మలుపుదాకా లాగి, వాంతులు చేసుకొని, అక్కడే వదిలేశారు. ఆ కంపు ఊరి చరిత్రలో మొదటిసారిగా ఉత్తరానికి మళ్ళింది.

అదే వారం, పట్టపగలు, ఉదయభాన్ సింగ్ కోడలికి నొప్పులు మొదలయ్యాయి. కబురు రాగానే జిరియా కొడవలి కడిగి కొంగున చుట్టుకుంది. రామ్‌దరశ్ దారికి అడ్డం నిలబడ్డాడు.

"మాట తప్పవు కదా పిన్నీ?"

"తప్పుకో. నువ్వు పుట్టినప్పుడు కూడా ఇలాగే అడ్డం తిరిగావు."

ఆమె వెనకాల టోలా ఆడవాళ్ళంతా నడిచి, ఠాకూర్ వాకిలి ముందు నేల మీద కూర్చున్నారు.

కాన్పు కష్టమైంది. జిరియా బిడ్డను సరిగ్గా తిప్పి, పట్టి, తుడిచి, తల్లి రొమ్ము మీద పెట్టింది. మగపిల్లవాడు, గట్టిగా ఏడ్చాడు. తర్వాత ఆమె కొడవలిని ఉదయభాన్ సింగ్ భార్య ఠకురాయిన్ ముందుకు చాపింది.

"కోయండి అమ్మగారూ."

"మతిపోయిందా? నేనా?"

"మీ మనవడేగా."

"ఏమేవ్, మైల అంటుతుంది."

"నాకు పుట్టినప్పట్నుంచీ అంటించారు. చావలేదు. మీరూ చావరు."

పురుడు చూడవచ్చిన పండితుల ఇంటి ఆడవాళ్ళు గుమ్మం దాకా వెనక్కి జరిగారు. తలుపవతల ఉదయభాన్ సింగ్ రంకెలు వేశాడు: "కొయ్యవే ముసలిదానా, తోలు వలుస్తాను." పురిటిగదిలోకి మగవాడు రాకూడదు. తాతలనాటి ఆ కట్టుబాటు అతన్ని లాఠీతో సహా గడప అవతలే నిలబెట్టింది.

"పిల్లాడికేం కాదు, నేనిక్కడే ఉన్నాను," అంది జిరియా, బాలింత నుదురు తుడుస్తూ. "బాబూసాహెబ్, మీ బొడ్డు కోసింది నేను. మీ నాన్నగారిది మా అత్త. మీ భాట్ పాడే చరిత్రంతా మా చేతుల్లోంచి జారిపడిందే. ఆ చేతుల్నే మీరు రాయి మీద పెట్టి కొట్టారు."

మంచం మీది కోడలు మొదటిసారి నోరు విప్పింది. "అత్తగారూ, కోయండి. లేకపోతే ఆ కొడవలి నాకివ్వండి."

ఠకురాయిన్ కొడవలి అందుకుంది. దారం ఎక్కడ బిగించాలో, ఎక్కడ కోయాలో జిరియా చెప్పింది. బొడ్డు తెగింది. ఠకురాయిన్ తన చేతుల్ని తానే ఎరగనట్టు చూసుకుంది.

"మాయ పడ్డాక గుంట తవ్వండి. లోతుగా. కుక్కలు లాగుతాయి," అని, తల్లినీ బిడ్డనూ కుదుటపరిచి, జిరియా బయటికొచ్చింది.

మర్నాడు పోలీసు జీపు వచ్చింది. పసిబిడ్డ ప్రాణానికి హాని తలపెట్టిందట. జిరియా గొడవ పడకుండా ఎక్కింది. జీపు కదలబోతుండగా పక్కన కూర్చున్న కానిస్టేబుల్, ముందు సీటులోని పై అధికారి దారోగాకు వినపడకుండా, గొంతు తగ్గించాడు.

"పిన్నీ, మా ఇంట్లోనూ నెలలు నిండాయి. ఎవరైనా వస్తారా?"

"ఎందుకు రారు? దక్షిణ టోలాలో అడుగు. కొడవలి మాత్రం మీ అమ్మకివ్వు."

జీపు ఊరి చుట్టూ తిరిగి రోడ్డెక్కాలి. అడ్డంగా పోతే ఠాకూర్ గోధుమచేలే. దక్షిణ టోలా ఆడవాళ్ళు అడ్డంగానే దిగారు. ముందు సుర్సతీ, కట్టు కట్టిన చేయి ఎత్తి పట్టుకొని. గట్టు మీది లాఠీలవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ ఇళ్ళలోనూ కడుపుతో ఉన్నవాళ్ళున్నారు. ఏ లాఠీ లేవలేదు.

జీపు రోడ్డెక్కేసరికి దారికడ్డంగా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనక, మూసేసిన చేల నడుమ, కొత్త బాట పడి ఉంది.