ఇనుప సవతి

మా ఆయనకు నేనంటే ఇష్టమే, కాదనను. కానీ ఆ ఇష్టాల వరసలో ముందు యుద్ధకాలం నాటి ట్యాంకు, తర్వాత ఉక్కు కవచం తొడిగిన లారీ, ఆ తర్వాత విమానాల్ని కూల్చే ఫిరంగి. నా వంతు వచ్చేసరికి మనిషికి ఆవలింతలు వస్తాయి.

ఆయన యుద్ధ మ్యూజియంలో మెకానిక్కు. తుప్పు పట్టిన ఆ ట్యాంకును ఏళ్ల తరబడి బాగుచేస్తున్నారు. దాన్ని 'మహారాణి' అంటారు, నన్ను 'ఏమే' అంటారు. దాని ముందుభాగాన గుండు తగిలిన గుంట ఒకటుంది. ఆయన కళ్లకు అది బుగ్గ సొట్ట! దాని సీటుకు కవరు నా కుట్టుమిషను మీదే కుట్టించుకున్నారు. సవతికి నా చేతులతోనే సింగారం! ఒళ్లు మండదూ?

ఆ రోజు మహారాణిని జనం ముందు నడపాలి. కదలకపోతే ఇంజను పీకేసి, గేటు దగ్గర సిమెంటు దిమ్మె మీద బొమ్మలా నిలబెడతామని మేనేజరు తేల్చి చెప్పాడు. నేనూ వెళ్లాను. చూడ్డానికి కాదు, అది మొరాయిస్తే కడుపు చల్లబడుతుందని వెళ్లాను.

ఆ ఇంజనుకో పట్టింపు ఉంది. ఊరకే నిలబడితే నూనె కింది సిలిండర్లలోకి దిగిపోతుంది. స్టార్టు చేసేముందు వెనక హ్యాండిలు పెట్టి, చేత్తో తిప్పి ఆ నూనెను వదిలించాలి. లేదంటే లోపలి కడ్డీలు వంగి ఇంజను నాశనం. అన్నం తింటూ ఆయన వందసార్లు చెప్పిన సంగతే ఇది. తిప్పాక హ్యాండిలు బల్ల మీద పెడతారు. అప్పటిదాకా అది షెడ్డు గోడ మేకుకే ఉంటుంది.

ఆయన హ్యాండిలు అందుకోబోతుంటే మేనేజరు వచ్చి, రెక్క పట్టుకుని అతిథుల దగ్గరికి లాక్కుపోయాడు. ఫొటోలు, చప్పట్లు. అటునుంచి అటే ట్యాంకు ఎక్కించేశాడు. హడావుడిలో మా ఆయన మర్చేపోయారు. హ్యాండిలు మేకుకే వేలాడుతోంది. చూసింది నేనొక్కదాన్నే.

నోరు మూసుకుంటే చాలు, సవతి పీడ విరగడ. ఆయన పెందలాడే ఇంటికొస్తారు, నా ఎదురుగా కూర్చుంటారు.

కూర్చుని? దిమ్మె మీదున్న దాన్నే తలుచుకుంటారు. బతికున్న సవతితో అయితే రోజూ పోట్లాడొచ్చు. చచ్చిన సవతి తప్పు చెయ్యదు, ముసల్దీ కాదు. దాని మీద ఎవరు గెలుస్తారు?

"ఏవండోయ్! ఆగండి! హ్యాండిలు తిప్పలేదు!" అని కేక పెట్టాను.

ఆయన ట్యాంకు మీంచి దూకి పరుగెత్తుకొచ్చారు. తిప్పడానికి ఇద్దరు కావాలి. ఆయన సహాయకుడు జనాన్ని ఆపే పనిలో ఉన్నాడు కాబట్టి రెండో చెయ్యి నేనే వేశాను. దొంగముండ, ఎంత బరువో! నా అరచేతులు బొబ్బలెక్కాయి.

ఇంజను దగ్గి దగ్గి ఒక్కసారిగా గర్జించింది. మహారాణి కదిలింది. జనం ఈలలు వేశారు.

మైదానం చుట్టివచ్చి ఆయన దిగారు. కళ్లనిండా నీళ్లు. నా వైపే వస్తున్నారనుకున్నాను. దారిలో ఆగి, ముందు దాని సొట్ట నిమిరారు.

"భయపడ్డావా తల్లీ?" అన్నారు దానితో. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఏమే, నువ్వు లేకపోతే ఇదేమైపోయేదే!" అన్నారు.

"నేను లేకపోతే మీరేమైపోతారో ఎప్పుడైనా అనుకున్నారా?"

ఆయన నా చేతులు తీసుకుని తిప్పి చూశారు. "అయ్యయ్యో, బొబ్బలు!" అని మెల్లగా ఊదారు.

ఎన్నేళ్లకు పట్టుకున్నారో నా చేతులు! అదీ ఆ ముదనష్టపుదాని పుణ్యమే.