నాయన తిట్టిన తిట్లు

మా ఇంట్లో బి.ఏ. చదివింది నేనొక్కణ్ణే. అందుకే మా ఊరి డాక్టరు జయరావు గారు ఆ మాట నాకొక్కడికే చెప్పినాడు. మదరాసు ఆసుపత్రిలో మా నాయన తిరుమలయ్య కడుపు కోసి చూసి, రాచపుండు బాగా పాకింది, తీయడానికి వీల్లేదని మళ్ళీ కుట్టి పంపించినారు.

"నాలుగు నెలలు గడిస్తే గొప్ప. ఆయనకు చెప్పొద్దు" అన్నాడు జయరావు గారు.

నేను అమ్మకు మాత్రం చెప్పినాను. నాయనకు మామూలు పుండని చెప్పినాము. అమ్మ తిరుపతి గంగమ్మకు మొక్కుకుంది, మనిషి దక్కితే జాతరలో ఆయన చేతనే బండ వేషం కట్టిస్తానని.

అప్పుడే ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆరేండ్లకు యుద్ధం ముగిసింది కూడా. నాయన అంబలి తాగుతూ, చిక్కి సగమై, బతికే ఉన్నాడు. ఎట్లా అని అడిగితే జయరావు గారు, "నాకూ తెలీదయ్యా, ఎవరికో గాని ఇట్లా జరగదు" అన్నాడు.

ఆ ఏడు జాతరకు అమ్మ మొక్కు తీర్చాలంది. బండ వేషం కట్టినవాడు ఒళ్ళంతా కుంకుమ పూసుకొని, వేపమండలు కట్టుకొని, ఎదురొచ్చినవాళ్ళను తిట్టాల. తిట్టు తిన్నవాళ్ళు మేలు జరుగుతుందని తల వంచుతారు. ఈ మొక్కు దేనికో ఎవరన్నా నోరు జారితే? నిజం తెలిసి నాయన గుండె చెదిరితే? ఆ భయంతోనే, వేషం కట్టిన ఆయన వెంబడి నడిచినాను.

నాయన నేరుగా జయరావు గారి గుమ్మం ముందు నిలబడినాడు.

"ఒరే జయరావూ! బయటికి రారా! నాలుగు నెలలంటివే, నీకు లెక్కలు సెప్పిన అయివారెవుర్రా? నీ సూదులు తుప్పు పట్టిపోనూ! నీ వల్ల నా పెండ్లాం ఇన్నేండ్లు ఏడుపు మొగమేసుకొని తిరిగిందిరా!"

జయరావు గారు బయటికొచ్చి, నవ్వుతూనే చేతులు జోడించి తల వంచినాడు. తరువాత నాయన కడుపు తడిమి చూసినాడు.

"గడ్డ అక్కడే ఉంది, తిరుమలయ్యా."

"ఉండనీ సామీ. అదీ ఉండాది, నేనూ ఉండాను."

వీధిలోకి వచ్చినాక అడిగినాను. "నీకెప్పుడు తెలిసింది నాయనా?"

"నువ్వు నాతో ఎదురు మాట్లాడేది మానుకున్నప్పుడే. నాలుగు నెలల మాట మీయమ్మ గంగమ్మకు మొక్కుకుంటుంటే ఇన్న్యాను."

"మరి చెప్పలేదే?"

"సెప్తే మీరు నా ముందరే ఏడుస్తారు. మీరేడిస్తే నాకు అంబలి దిగదు." ఆగి నావైపు తిరిగినాడు. "తల వంచు. నిన్ను యిడిసిపెడతాననుకున్న్యావా?"

వంచినాను. వీధి వీధంతా వినేటట్టు నన్ను తిట్టినాడు, నా చదువును తిట్టినాడు, ఊపిరి తీసుకొని మళ్ళీ మొదలుపెట్టినాడు. అంత గట్టి గొంతు ఆయన దగ్గర ఇంకా ఉందని నాకు తెలీదు. ఆపకుండా ఉంటే బాగుండునని, గంగమ్మకు దండం పెట్టుకుంటూ అట్లే నిలబడినాను.