పోశవ్వ మోకాలు

నేను ఒక సుత్తిని. మేకులు కొట్టేదాన్ననుకునేరు, నా బతుకులో ఒక్క మేకును కూడా కొట్టి ఎరగను. నా తల రబ్బరు, ఒళ్లు ఇనుము. డాక్టర్లు మనిషిని కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, మోకాలిచిప్ప కింద నాతో ఒక్కటి తట్టి, కాలు ఎగురుతుందా లేదా అని చూస్తారు. దెబ్బలు తిన్నవాళ్లు నవ్వి పోయేది నా దగ్గరినుంచే.

హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా తల అచ్చులోంచి ఊడిపడిన పూటే పక్క అచ్చులోంచి సైకిలు బ్రేకు రబ్బర్లు ఊడిపడ్డాయి. ఒకే కుండలో కాగిన రబ్బరే. వాళ్లు ఆపే పనికి పోయారు, నేను ఎగరేసే పనికి వచ్చాను. ఎవరి రాత వారిది.

నన్ను మొదట కొన్నది ఒక పెద్ద డాక్టరు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా నన్ను బరువు పెట్టేవాడు, వీపు దురద పెడితే గోక్కునేవాడు. రోగులను కొట్టింది తక్కువే. ఆయన రిటైరై పోతూ నన్ను నసీమాకు ఇచ్చాడు. జిల్లా ఆసుపత్రిలో, కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్ల చేత కసరత్తు చేయించే అమ్మాయి. ఆమె చేతిలోనే నేను పనిముట్టునయ్యాను.

ఐలేశాన్ని అక్కడే చూశాను. కల్లు గీసేవాడు, అత్తగారింటికి ఇల్లరికం వచ్చినవాడు. మోకు తెగి తాటిచెట్టు మీదినుంచి పడ్డాడు, నడుము పైన వెన్ను విరిగింది. మొదట్లో నేను ఎంత తట్టినా అతని కాలు గోనెసంచిలా పడి ఉండేది. కొన్ని వారాలకు ఒకనాడు తట్టగానే ఎగిరి గాలిలో నిలబడింది. పెళ్లాం సుగుణ కళ్లనీళ్లు పెట్టుకుంది. "తొందరపడకమ్మా, ఇది ఆయన లేపింది కాదు, కాలు దానంతటదే లేచింది" అని నసీమా చెబుతూనే ఉంది. ఎవరు విన్నారు? సంతోషం సగం వినగానే మిగతా సగానికి చెవులు మూసుకోవడం మనుషుల అలవాటు. కాలొచ్చిందని వాడకట్టంతా చాటుకున్నారు.

ఆ చాటింపే అతని కొంప ముంచింది. వాళ్లలో అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, నేరుగా మాట్లాడదు. కంచం పెట్టి తలుపు చాటుకు పోతుంది. ఐలేశం ఇంటికి చేరాక జరిగింది ఇది, నేను తరవాత నసీమా గదిలో విన్నాను. ఒకరోజు సుగుణ ఇంట్లో లేదని అత్త పోశవ్వే అన్నం తెచ్చింది. చూడవచ్చిన చుట్టాలు ఎదురుగా కూర్చుని ఉన్నారు. వంగి పెడుతుంటే చల్లటి కంచం అంచు ఐలేశం అరికాలికి తగిలింది. కాలు తటాలున లేచి ఆమె గుండెల మీద తన్నింది. అన్నం ఇల్లంతా చెదిరింది.

"నేను తన్నలే" అన్నాడతను. వచ్చిన కాలు తన్నలేదంటే నమ్మేదెవరు?

మర్నాడు ముగ్గురూ నసీమా గదికి వచ్చారు. పోశవ్వ గోడవైపు తిరిగి కూతురితో అంది, "మీ ఆయనకు చెప్పు బిడ్డా. రేపు ఆటో మాట్లాడి వాళ్ల అన్న ఊరికి తోలిస్త. తన్నులు తినుకుంట సాదే ఓపిక నాకు లేదు." ఆ అన్న పట్టెడన్నం పెట్టడని, పక్క మీద తిప్పేవాళ్లు లేక ఐలేశం పుండ్లు పడి పోతాడని గదిలో అందరికీ తెలుసు. అతను తల వంచుకుని చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. కింద పడ్డనాడు కూడా అతని మొహం అంత చిన్నబోయి ఉండదు.

"పోశవ్వా, నీ కాలు నీ మాట వింటదా?" అంది నసీమా.

"వినక? నా కాలు నీ మాట వింటదా?"

"అయితే బల్లెక్కి కూసో. నేను కొడత, నువ్వు కాలు లేవకుండ ఆపు."

అల్లుడి ఎదుట కాళ్లు వేలాడేసి కూర్చోవడమా అని ఆమె ముడుచుకుపోయింది. కానీ పంతం పెద్దది. చీర కుచ్చెళ్లు సర్దుకుని ఎక్కింది. ఎదురుగా మూరెడు దూరంలో అల్లుడి కుర్చీ.

"రెండు చేతుల వేళ్లు కొక్కేలలెక్క పెనవేసి గట్టిగ గుంజు" అంది నసీమా.

ఆమె గుంజింది. మనసు వేళ్ల మీదికి పోతే కాలు ఇంకా గట్టిగా లేస్తుందని నసీమాకూ నాకూ తెలుసు. నేను తగిలాను. ఎండిపోయిన ఆ కాలు పడుచుపిల్ల కాలులా లేచి, పోయి పోయి అల్లుడి మోకాలిని తన్నింది.

పోశవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నేను తన్నలే బిడ్డా" అంది. ఆ మాట అన్నాక, అది ఎవరి మాటో తెలిసి నోరు నొక్కుకుంది.

"తెలుసమ్మా" అంది నసీమా. "దెబ్బ సంగతి వెన్నుపాము దాకనే పోతది, అక్కడినుంచే కాలుకు హుకుం మళ్లుతది. తలను అడగదు. కాకపోతే మనకు తల పైనుంచి మెల్లగ, చాలు అని ఆపుతుంటది. వెన్నుల ఉన్న చిన్న నరాలు ఆ మాట విని కాలును అణుస్తయి. ఐలేశానికి ఆ మాట దిగే తొవ్వ తెగింది. అందుకే కంచం తగిలినా కాలు కత్తి తగిలినట్టు లేస్తది."

పోశవ్వ బల్ల దిగింది. తన పాదం తగిలిన అల్లుడి మోకాలిని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది.

ఐలేశం మెల్లగా అన్నాడు. "నువ్వు తన్నలే అత్తా. నాకెరుక."

ఆ మాట ఆమె అతనికి నిన్ననే అనవలసింది. అతను అడుక్కున్నా అనలేదు. ఆమె అడగకుండానే అతను అన్నాడు. ఆమె తల ఇంక లేవలేదు.

లేచే కాలును ఎట్లా ఆపాలో నసీమా చూపించింది. అరచెయ్యి పాదానికి పూర్తిగా ఆనించి, తొందరపడకుండా నొక్కి పట్టాలి. సుగుణ ముందుకు వస్తుంటే పోశవ్వ పక్కకు జరిపి తానే నేల మీద కూర్చుంది. "లగ్గంనాడు కడిగిన కాలే" అని గొణిగి, వణుకుతున్న ఆ పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. కాసేపటికి వణుకు ఆగింది. కూతురితో కాదు, నేరుగా అతనితోనే అంది. "ఇంటికి పోదాం పా అయ్యా. అన్నం వేళయింది."

ఇప్పుడు నా రబ్బరు పగిలింది. కొత్త సుత్తి వచ్చాక నన్ను పాడైన బ్యాటరీల పక్కన సొరుగులో పడేశారు. నేను ఎన్ని కాళ్లను ఎగరేశానో చెప్పుకునేదాన్ని ఒకప్పుడు. ఆ ముసలామె అరచెయ్యిని చూశాక చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.