ముల్లు పట్టుకెళ్ళిన మధ్యాహ్నం

పొద్దున లేస్తే ఆ ఇంటి అల్లుడికి అదే పని. చొక్కా మీద చొక్కా తొడుగుతాడు. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుతాడు. వల టోపీ పెట్టుకుంటాడు. ఆఖర్న మోచేతుల దాకా వచ్చే తోలు గ్లౌజులు. యుద్ధానికి పోతున్నట్టు డాబా ఎక్కుతాడు. కింద అత్తగారేమో మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుని కిటికీ తలుపులు బిగించేస్తుంది.

డాబా మీద ఉన్నది ఒక్క తేనెటీగల పెట్టె. అది కావాలని అడిగింది ఆయన భార్య. పెట్టె ఇంటికొచ్చేసరికి ఆమె లేదు. తిప్పి పంపడానికి మనసొప్పలేదు, సరే నేనే నేర్చుకుంటా అన్నాడు.

మరి ఆ వీధిలో తేనెటీగ కుడితే ఒక జ్ఞాపకం పోతుంది. వాపు పూటలో దిగుతుంది. పోయిన జ్ఞాపకం తేనెలో చేరుతుంది, ఆ తేనె ముందుగా ఎవరు తింటే వాళ్ళదవుతుంది. టైలర్ని కుడితే తన పెళ్ళి మొత్తం మర్చిపోయాడు. ఆ తేనె తిన్న పక్కింటావిడ, "పెళ్ళి బాగానే జరిగిందిలే అన్నయ్యా, కూరలో ఉప్పెక్కువైంది" అని చెప్పింది. అంతే, ఎవరూ దాన్ని వింతగా అనుకోరు.

అల్లుడికి భయం అక్కడే. భార్య పోయాక మిగిలినవి ఆ జ్ఞాపకాలేగా. ముఖం పోతే? గొంతు పోతే?

అత్తగారి భయం వేరు. ఈ మనిషి తినడు, పడుకోడు. గడియారాలు బాగుచేసే కొట్టు తెరవడమే మానేశాడు. పెట్టె మూసేశాక డాబా అంచున నిలబడి కిందికి చూస్తుంటాడు. అదే పనిగా. అది కనిపెట్టిన రోజు నుంచీ ఆవిడ, పెట్టె మూసిన చప్పుడు వినగానే పిల్లని పైకి పంపేది. "పోవే, నాన్నని ఎత్తుకోమను." పిల్ల చేతుల్లో ఉంటే మనిషి అంచు దాకా పోడని.

తన కూతురు పోయిన మధ్యాహ్నం ఆవిడ ఊళ్ళో లేదు. చివర్లో ఏమందని ఎన్నోసార్లు అడిగింది. "నిద్రలో పోయింది అత్తయ్యా" అంటాడు, చూపు మాత్రం గోడ మీద.

ఈగల పని నేర్పడానికి వీధి చివర తేనె పిన్ని వచ్చేది. ఆమె ఉత్త చేతుల్తోనే తేనెపట్టులున్న చట్రాలు పైకి తీస్తుంది.

"ఒరే అబ్బాయ్, గ్లౌజులు తియ్యరా. ఆ తోలులో నీ వేళ్ళకి ఈగ తెలీదు, నలిపేస్తావు. ఒక్కటి నలిగితే మిగిలినవాటికి కబురందుతుంది."

"కుడతాయి పిన్నీ."

"నన్నూ కుట్టాయి. మా అత్త నన్ను తిట్టిన తిట్లన్నీ పోయాయి. హాయిగా ఉంది."

అల్లుడు నవ్వలేదు. గ్లౌజులూ తియ్యలేదు.

ఒకరోజు చట్రం దించుతుంటే బొటనవేలి కింద ఒక ఈగ నలిగింది. మగ్గిన అరటిపండు వాసన గుప్పుమంది, అదే ఈగల కబురు. పెట్టె మోత మారిపోయింది, ఈగలు టోపీ వల మీద చినుకుల్లా వచ్చి పడ్డాయి. కంగారులో చెయ్యి ఎత్తాడు. గ్లౌజు జారి మణికట్టు బయటపడింది, ముల్లు దిగింది.

కిందికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ముఖం ఉంది అత్తయ్యా. గొంతు ఉంది. నా మీద అలిగి అటు తిరిగి పడుకునేది, అదీ ఉంది." వేళ్ళు మడుస్తున్నాడు. "మరి ఏం పోయింది?"

"పోయింది నీకెలా తెలుస్తుంది నాయనా?" అంది ఆవిడ.

ఆ పూట అల్లుడు రెండోసారి అన్నం అడిగాడు. చేయి కడుక్కోకుండానే పడుకుని గురక పెట్టాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఆ గురక విన్నది. సంతోషించాలో భయపడాలో తెలీలేదు.

తేనె తీసిన రోజు పిల్ల గిన్నె దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ పిల్ల చెయ్యి పట్టి ఆపి, ముందు తను నాలిక్కి రాసుకుంది.

కూతురు పోయిన గది. అల్లుడి కళ్ళలోంచి చూస్తోంది. కూతురు మంచం మీద ఉంది. ఎన్నాళ్ళ జాగారమో, అల్లుడి రెప్పల మీద రాయి పెట్టినట్టుంది. "ఏమండీ, కాసిని నీళ్ళు." అల్లుడు కళ్ళు తెరవకుండానే, "ఒక్క నిమిషం." మళ్ళీ, "ఏమండీ." ఆ తర్వాత ఏమీ లేదు. మెలకువ వచ్చేసరికి కూతురి చెయ్యి మంచం పక్కకి చాచి ఉంది, చల్లగా.

ఆవిడ గోడ పట్టుకుంది. అల్లుడి మీద అరవడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఆ రెప్పల బరువు ఇంకా ఆవిడ కళ్ళ మీదే ఉంది.

అల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నాదేనా అత్తయ్యా? ఆ చివరి మధ్యాహ్నమా?"

ఆవిడ తలూపింది.

"ఏమంది?"

ఆవిడ పిల్ల తల నిమిరింది.

"నీళ్ళడిగింది. ఇచ్చావు."

"తాగిందా?"

"గ్లాసు ఖాళీ చేసింది."

అల్లుడు అక్కడే నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి లేచి, ముఖం కడుక్కుని, పిల్లని భుజాన వేసుకుని కొట్టు తెరవడానికి పోయాడు. ఆ తర్వాత డాబా అంచున ఆయన్ని ఎవరూ చూడలేదు.

ఆవిడ మాత్రం డాబా మెట్టు ఎక్కదు. ఇంట్లోకి ఒక్క ఈగ దారితప్పి వచ్చినా కొంగుతో ముఖమూ చేతులూ కప్పేసుకుంటుంది. అది కుట్టిందా, ఆ మధ్యాహ్నం మళ్ళీ తేనెలోకి పోతుంది. ఇంట్లో తేనె తినేది పిల్లే.