కత్తెర బరువు

వారం వారం చెల్లెలు తనను కాటా ఎక్కిస్తుందని అక్కకు తెలుసు. అందుకే ఆ ఉదయం బట్టలు కత్తిరించే ఇనుప కత్తెరను నడుముకు కట్టుకుని, పైన శాలువా కప్పుకుని, ఏమీ ఎరగనట్టు మంచం మీద కూర్చుంది. కడుపులో పుట్టిన జబ్బు మనిషిని లోపల్నుంచి కొరుక్కు తినేస్తోంది. ఆ సంగతి కాటా చెప్పిందంటే చెల్లెలు ప్రయాణం మానేస్తుంది. ఎక్కడో కొండ మీద పెద్ద టెలిస్కోపు దగ్గర ఉద్యోగం, ఊరికే వచ్చిందా! తల్లి పోయేనాటికి పాలు మానని పిల్ల. కుట్టుమిషను తొక్కి తొక్కి చదివించింది అక్క.

చెల్లెలిది నక్షత్రాల బరువు తేల్చే పని.

"వాటిని ఏ కాటా ఎక్కిస్తావే?" అని అక్క ఎప్పుడూ వేళాకోళమాడేది.

"కాటా ఎందుకక్కా? జంట నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఎక్కువ ఊగేది తేలిక, కుదురుగా ఉండేది బరువు."

"అచ్చం మన పక్కింటి మొగుడూపెళ్ళాలే! ఆవిడ కదలదు, ఆయన కాలు నిలవదు."

ఆ ఉదయం అక్క ఎక్కగానే కాటా ముల్లు పోయిన వారం ఉన్నచోటే ఆగింది. చెల్లెలి ముఖం చాటంతయింది.

"తగ్గలేదక్కా!"

"చెప్పలా? గుండ్రాయిలా ఉన్నాను. పో, మిగిలినవి కూడా పెట్టెలో సర్దుకో."

ఆ సంతోషంలో చెల్లెలు, చిన్నప్పటిలాగే, అక్క రెండు చేతులూ పట్టుకుని మెల్లగా ఒక్క చుట్టు తిప్పింది. ఆ రోజుల్లో అక్క రాటలా నిలబడేది, చెల్లెలి కాళ్ళు గాల్లో తేలేవి. ఇప్పుడు చెల్లెలు నిలబడ్డచోటే ఉంది. అక్క గుడ్డపీలికలా విసురుగా పోయి మంచం మీద పడింది. కత్తెర జారి ఖంగున నేలను తాకింది.

చెల్లెలు వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"నేను చూసే జంట ఒకటుందక్కా" అంది. "మొదట్లో పెద్దదే బరువు. ఉన్నదంతా చిన్నదానికి పోసేసింది. ఇప్పుడు ఆ పెద్దదే ఊగిపోతోంది."

"పోస్తే పోసిందిలే. చిన్నది వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"మరింకేం? బయల్దేరు."

చెల్లెలు కత్తెర పక్కన పెట్టింది. పెట్టె తెరిచి, సర్దిన బట్టలు తీసి అలమరలో పెట్టసాగింది.

"ఒసేయ్, నా మీద ఒట్టే! వద్దే తల్లీ!"

అలమర తలుపు మూసుకుంది. జబ్బు సంగతి డాక్టరు చెప్పిన రోజున కూడా ఏడవని అక్క, గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది.